తలుపు తట్టని వీధి

ఆ వీధిలో తాళాలక్క అంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిడకు అసలు పేరంటూ ఒకటి ఉంది గానీ, అది గుర్తింపు కార్డులో ఉంది, కార్డు బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తులేదు. ఊళ్ళోవాళ్ళ తాళాలన్నీ నడుముకు వేలాడేసుకుని తిరిగే మనిషికి సొంత బీరువా తాళం కనబడకపోవడం అత్తగారికి పెద్ద కాలక్షేపం. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా కోడలు రచ్చతోనే సరిపెట్టుకుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఎనభై నిండిన మనిషి. కర్ర లేనిదే లేవలేదు గానీ, నోటికి మాత్రం ఏ ఆసరా అక్కర్లేదు.

అక్క భర్త తాళంచెవులు చేసే కొట్టు నడిపేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆ ఊరు బస్సుకు ఆఖరి స్టాపు. చదువుకున్నవాళ్ళు ఒక్కొక్కరే బస్సెక్కి ఉద్యోగాలున్నచోటికి వెళ్ళిపోతూ, ఇంటి తాళం ఆయన చేతిలో పెట్టి "కాస్త చూస్తుండండి" అనేవాళ్ళు. అలా ఆయన పోయేనాటికి కొట్టు గోడకు పందొమ్మిది ఇళ్ళ తాళాలు మిగిలాయి. అక్క వాటిని ఒక్క ఇనుప రింగుకు గుచ్చి నడుముకు దోపుకుంది. నెలకోసారి ప్రతి ఇల్లూ తెరిచి, ఊడ్చి, కిటికీలు తీసి గాలి ఆడించి, మళ్ళీ మూసేది. మనుషులు లేని ఇళ్ళలో ఒంటరిగా తిరిగి తిరిగి ఆవిడకు భయం అనేదే చచ్చిపోయింది. అది మళ్ళీ పుట్టుకొచ్చిన సంగతే ఈ కథ.

ఉన్నట్టుండి కాలం తిరగబడింది. ఆఫీసుకు పోనక్కర్లేదు, ఎక్కడ కూర్చుంటే అక్కడే ఆఫీసు అన్నారట. పట్నంలో పక్కింటి గోడకేసి తెరుచుకునే కిటికీల వెనక బతికేవాళ్ళు, కంప్యూటరు చంకన పెట్టుకుని అదే బస్సులో ఆఖరి స్టాపులో దిగడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి పందొమ్మిది ఇళ్ళలో పదహారు నిండాయి. గాలి ఆడించడమే పనిగా ఉన్న అక్క, చూస్తుండగానే ఇళ్ళ బ్రోకరు అయిపోయింది.

పూర్వం ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు నీళ్ళొస్తాయా, ఎండొస్తుందా, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళు అని అడిగేవాళ్ళు. వీళ్ళకు అవేవీ పట్టవు. గుమ్మంలో కాలు పెట్టకముందే "సిగ్నల్ ఎలా ఉంటుందండీ?" అంటారు. అక్క రెండు కంపెనీల ఫోన్లు కొనుక్కుంది. ఒక్కొక్క గదిలోకీ వెళ్ళి, జ్వరం చూసినట్టు ఓపిగ్గా నిలబడి, ఎన్ని గీతలు వస్తున్నాయో చూసి, నోటుబుక్కులో రాసుకునేది. ఒక ఇంట్లో నాలుగు గీతలూ స్నానాలగదిలోనే వచ్చాయి. ఆ ఇల్లు తీసుకున్నాయనకు ఆ మాట ఎలా చెప్పిందో ఆవిడకే ఎరుక. ఆయన మాత్రం తలుపేసుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని పెద్దపెద్ద కంపెనీలతో మాట్లాడుతుంటాడని వీధంతా చెప్పుకునేది.

ఈ వీధికి ఒక అలవాటు నేర్పింది కూడా తాళాలక్కే. మొదటి నెలలోనే పాలావిడ ఒకరోజు ఒకింటి తలుపు దబదబా బాది, తన కోడలి మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. లోపలున్న కుర్రాడు ఆ టైములో కొత్త ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలో ఉన్నాడు. ఆ కోడలి బాగోతమంతా అవతల ఐదుగురు పెద్దమనుషులు విన్నారు. కుర్రాడు ఇల్లు ఖాళీ చేస్తానని కూర్చున్నాడు. అక్క అతన్ని బతిమాలి, ఆ సాయంత్రమే గడప గడపకూ తిరిగింది.

"లోపల మాటలు వినబడితే తలుపు తట్టకండి. వాళ్ళు ఇంట్లో ఉన్నా ఇంట్లో లేనట్టే. ఆఫీసులో ఉన్నట్టు. మనం ఆఫీసులోకి దూరి అరుస్తామా?" అని ఒప్పించింది.

వీధి త్వరగానే నేర్చుకుంది. పాలావిడ ప్యాకెట్లు గుమ్మంలో పెట్టి అడుగులో అడుగేసుకుంటూ పోయేది. నీళ్ళ క్యానువాడు చెవి తలుపుకు ఆనించి, మాటలు వినిపిస్తే క్యాను దించి వెళ్ళిపోయేవాడు. "ఇది వీధా, పసిపిల్లను పడుకోబెట్టిన గదా?" అని అత్తగారు విసుక్కునేది. మనుషులు నిండిన వీధి, ఖాళీగా ఉన్నప్పటికంటే నిశ్శబ్దంగా తయారైంది. అదేమిటో అని అప్పట్లో ఎవరికీ అనిపించలేదు.

కరెంటు పోయినప్పుడు మాత్రం వీధికి ప్రాణం వచ్చేది. సిగ్నల్ పెట్టెలు ఆరిపోయేవి, పదహారిళ్ళ తలుపులూ తెరుచుకునేవి. వాళ్ళంతా మెట్లమీదికి వచ్చి, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వేవాళ్ళు. అందరికంటే ముందు బయటికి వచ్చేది వీధి చివర నీలం తలుపు ఇంటాయన.

ఆయన్ని అక్క 'మీటింగు తమ్ముడు' అనేది. నలభై ఏళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఎక్కడెక్కడో కట్టే ఆస్పత్రులకు, హోటళ్ళకు నీళ్ళ గొట్టాలు ఏ గోడలోంచి ఎటు పోవాలో కంప్యూటర్లో గీసే పని. ఇల్లు చూడ్డానికి వచ్చినరోజు సిగ్నల్ సంగతి అడగకుండా, "వాన పడితే ఈ కప్పు మీద చప్పుడు వినిపిస్తుందా అక్కా?" అని అడిగిన ఒకే ఒక్క మనిషి. అందుకే ఆవిడకు ఆయనంటే ఓ పిసరు ఎక్కువ అభిమానం.

ఆయన జట్టులో తొమ్మిదిమంది, తలో ఊళ్ళో ఉండేవాళ్ళు. అందరూ ఒకే గదిలో కూర్చున్నట్టు ఉండాలని ఒక లైను రాత్రీ పగలూ తెరిచి ఉంచుకునేవాళ్ళు. ఎవరికి ఏం కావాలన్నా నంబరు కలపనక్కర్లేదు, నోరు తెరిచి అడగడమే. ఒకరు దగ్గితే తొమ్మిది ఊళ్ళలో వినిపించేది. ఆయన దాన్ని ఆపేవాడే కాదు, పడుకున్నా సరే. "ఉండనీ అక్కా, ఇంట్లో సందడిగా ఉంటుంది" అనేవాడు. ఒకసారి అక్క గుమ్మంలోంచే "ఎవరయ్యా లోపల అంతమంది?" అంటే, నవ్వి, "ఇదిగో, మా తాళాలక్క వచ్చింది" అని గదిలోకి చెప్పాడు. ఎనిమిది గొంతులు ఒక్కసారి "నమస్తే అక్కా" అన్నాయి. ఖాళీ గదిలోంచి వచ్చిన ఆ పలకరింపుకు అక్క కంగారుపడి, ఎదురుగా ఎవరూ లేకపోయినా కొంగు సర్దుకుంది.

అక్క నడిచొస్తుంటే తాళాల గుత్తి గలగలమనేది. ఆయన ఆ చప్పుడు విని, తలుపు దగ్గరకు రాకముందే "రా అక్కా, తీసే ఉంది" అని కేకేసేవాడు.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆయన పేరు మీద ఒక పార్సిలు అక్క ఇంటికి వచ్చింది. కుర్చీలో నడుం వెనక పెట్టుకునే దిండు. మూడున్నర ప్రాంతంలో అది చంకన పెట్టుకుని నీలం తలుపు దాకా వెళ్ళింది. లోపల మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో ఆడమనిషి నవ్వుతోంది. ఎవరో మగమనిషి "నాలుగో అంతస్తులో ఇంకో వాల్వు పెట్టాలి" అంటున్నాడు. మీటింగ్‌లో ఉన్నాడనుకుని అక్క ఆగింది. పార్సిలు గుమ్మంలో దించుదామని వంగింది. వంగేసరికి తాళాల గుత్తి గట్టిగా గలగలమంది.

అప్పుడు లోపలినుంచి చప్పుడైంది. ధబ్, ధబ్, ధబ్. చెక్కమీదో నేలమీదో అరచేత్తో కొట్టినట్టు. అక్క నిలబడిపోయింది. కాసేపటికి మళ్ళీ మూడుసార్లు. ఈసారి ఇంకాస్త మెల్లగా.

తాళాలు చప్పుడు చెయ్యద్దని సైగ చేస్తున్నాడు కాబోలు అనుకుంది అక్క. ఎన్నిసార్లు చెప్పుకుంది వీధంతటికీ, మాటలు వినబడితే చప్పుడు చెయ్యద్దని! తానే ఇలా గలగలలాడిస్తూ వచ్చి నిలబడిందే అని సిగ్గుపడింది. గుత్తి మొత్తాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని, పార్సిలు మళ్ళీ చంకన పెట్టుకుని, మునివేళ్ళమీద వెనక్కి వచ్చేసింది. వస్తూ వస్తూ, ఎదురొచ్చిన పాలావిడకు నోటిమీద వేలేసి చూపించింది కూడా.

మంగళవారం నీళ్ళ క్యానువాడు నీలం తలుపు తట్టబోయాడు. నిన్నటి క్యాను గుమ్మంలోనే ఉందని వాడి అనుమానం. అక్క అటుగా పోతూ ఆపింది. "మాటలు వినబడట్లేదూ? నిన్నటినుంచి తీరిక లేదు పాపం, ఏదో పెద్ద పని మీదున్నాడు" అంది.

బుధవారం పదకొండింటికి కరెంటు పోయింది. తలుపులు తెరుచుకున్నాయి. అందరూ మెట్లమీదికి వచ్చారు. స్నానాలగది ఆయన బకెట్టుతో సహా వచ్చాడని ఎవరో హాస్యమాడారు. అక్క నవ్వుతూ వీధి చివరికి చూసింది. నీలం తలుపు మూసే ఉంది. దాని వెనక మాటలు ఆగిపోయి ఉన్నాయి. గుమ్మంలో క్యాన్లు రెండున్నాయి.

ఆ ఇంటి తలుపు అక్క తట్టడం అదే మొదటిసారి. తట్టింది, పిలిచింది, ఆఖరికి గుత్తిలోంచి తాళంచెవి తీసింది. ఆయన బల్ల పక్కన బోర్లాపడి ఉన్నాడు. కుడిచెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి నేలకు ఆనించి ఉంది.

మెదడులో నరం చిట్లిందన్నాడు డాక్టరు. ఒక పక్క చచ్చుబడి ఉంటుంది, నోరు పడిపోయి ఉంటుంది అన్నాడు. సోమవారం పొద్దున పడి ఉండొచ్చు, సాయంత్రం దాకా కొన ప్రాణంతో ఉండి ఉండొచ్చు అని ఇంకో డాక్టరుతో అంటుంటే, పక్కనే నిలబడ్డ అక్క చెవిన పడింది. అప్పుడు తెలిసింది ఆవిడకు. అది సైగ కాదు. నోరు పెగలని మనిషి, తాళాల చప్పుడు విని, అక్క వచ్చిందని గుర్తుపట్టి, పిలిచాడు.

పదిహేను రోజుల తర్వాత ఆయన అక్కగారు సామాను తీసుకుపోవడానికి వచ్చింది. తోబుట్టువులు ఇద్దరే. ఆమెకు నలభై ఐదేళ్ళుంటాయి, ఆమె కూడా వేరే ఊళ్ళో ఒక్కతే, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమే. తమ్ముడి చొక్కాలు ఒక్కొక్కటే మడతపెడుతూ, ఎవరూ అడక్కుండానే, "నిమిషంలో పోయాడటండీ. బాధేం పడలేదట" అంది. అని చేతిలో చొక్కా మడతపెట్టడం ఆపి, తాళాలక్క మొహంలోకి చూసింది.

"సోమవారం మీరు ఇటు వచ్చారా అండీ? ఏమైనా వినిపించిందా మీకు?"

"లేదమ్మా. సోమవారం నేను ఇటు రానే లేదు" అంది తాళాలక్క.

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యం. ఆమె ఎలాగో మనసుకు సర్దిచెప్పుకుంది, నేనెందుకు రేపాలి అని తనకు తాను చెప్పుకుంది. కానీ అది సగం నిజమే. తక్కిన సగం భయం. ఆ దిండు పార్సిలు విప్పకుండానే అటక మీద, పాత రేకు పెట్టె వెనక్కి తోసేసింది.

అప్పటినుంచి ఆవిడకు మనశ్శాంతి లేదు. ఇంట్లో అత్తగారి కర్ర నేలకు తగిలితే ఉలిక్కిపడేది. పక్కింట్లో ఎవరో మేకు కొడితే చేస్తున్న పని వదిలేసి వీధిలోకి పరుగెత్తేది. మూడేసి దెబ్బలు, మధ్యలో కాస్త ఆగడం. చెవులు మూసుకున్నా వినిపించేది. చచ్చినవాళ్ళు పీడిస్తారంటే ఆవిడ ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మలేదు. ఆయన పీడిస్తున్నట్టు కాదు, ఇంకా పిలుస్తున్నట్టు ఉండేది. పిలుపుకు పలకడానికి అవతల మనిషి లేడు. అదే నరకం.

తాళాల గుత్తికి గుడ్డ చుట్టేసింది, గలగల వినలేక. ఆ తర్వాత తలుపులు తట్టడం మొదలుపెట్టింది.

పొద్దున పదకొండింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడున్నరకు ఒకసారి. మనుషులున్న పదిహేనిళ్ళూ. లోపల మాటలు వినబడితే ఇంకా గట్టిగా తట్టేది. మనిషి వచ్చి తలుపు తీసి మొహం చూపించేదాకా కదిలేది కాదు. "ఏంటక్కా?" అంటే "ఏం లేదు, ఊరికే" అనేది. ఎందుకో చెప్పాలంటే ఆ సోమవారం సంగతి చెప్పాలి. అది చెప్పుకోలేకపోయింది, తట్టకుండా ఉండలేకపోయింది.

"మీరే కదండీ తట్టద్దని నేర్పింది!" అని పాలావిడ ముక్కున వేలేసుకుంది. మొదట్లో అద్దెకున్నవాళ్ళు ఓర్చుకున్నారు. తర్వాత నవ్వారు. ఆ తర్వాత వీధిలో ఆవిడకు కొత్త పేరు పుట్టింది, తలుపు దెయ్యం అని. గొప్ప మాటే. వీధిలో దెయ్యం తిరుగుతోందన్నది నిజమే, కాకపోతే అది చచ్చినవాడిది కాదు. స్నానాలగది ఆయన, ఒక ముఖ్యమైన మాట మధ్యలో ఈవిడ దరువుకు బకెట్టుమీంచి జారిపడి, నెలాఖరుకు ఖాళీ చేసి పోయాడు. ఇంటర్వ్యూ కుర్రాడూ పోయాడు. ఇంటి యజమానులు ఫోన్ చేసి, ఇలాగైతే తాళాలు ఇంకెవరికైనా అప్పగిస్తామన్నారు.

"ఏమైందే నీకు?" అంది అత్తగారు ఒకనాడు, ఎగతాళి లేకుండా. "ఏదో మింగినట్టున్నావు. కక్కనన్నా కక్కు, అరిగించుకోనన్నా అరిగించుకో."

మూడున్నర అవుతోందని అక్క గుత్తి తీసుకుని వీధిలోకి పోయింది.

నీలం తలుపు ఇంటికి ఏడు నెలలకు ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. వస్తువులు కొని మోసపోయామని ఫోన్ చేసి తిట్టేవాళ్ళను బుజ్జగించే ఉద్యోగం. పొద్దస్తమానం చెవులకు హెడ్‌ఫోన్లతోనే ఉంటుంది. అక్క ఈసారి ఏదీ దాచదలుచుకోలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, "అమ్మా, ఈ ఇంట్లో ఒకాయన ఒంటరిగా పోయాడు. రెండు రోజులు ఎవరం చూసుకోలేదు" అని చెప్పింది. "అయ్యో పాపం" అంది ఆ అమ్మాయి మనస్ఫూర్తిగానే. ఒక్క క్షణం ఆగి, "సిగ్నల్ బాగానే వస్తుందా అండీ?" అని అడిగింది. కాలం అలా ఉంది, ఎవర్ని అని ఏం లాభం?

దిగిన మర్నాటినుంచే ఆ అమ్మాయికీ అక్కకూ పడలేదు. "మూడున్నరకు నాకు సీరియస్ కాల్స్ ఉంటాయండీ, దయచేసి తట్టకండి" అని మూడుసార్లు మర్యాదగా, నాలుగోసారి కటువుగా చెప్పింది. అయిదో రోజు మూడున్నరకు అక్క మళ్ళీ వెళ్ళింది. లోపల మాటలు వినిపిస్తున్నాయి. ఒక మగగొంతు అరుస్తోంది. అమ్మాయి గొంతు మాత్రం లేదు. అక్క తట్టింది. పలుకు లేదు. రెండు చేతులతో బాదింది. మగగొంతు అరుస్తూనే ఉంది, అమ్మాయి పలకలేదు. గుత్తికి చుట్టిన గుడ్డ విప్పుతుంటే తాళంచెవి రెండుసార్లు కిందపడింది.

తలుపు తోసుకుని లోపలికి పడ్డట్టు వెళ్ళింది. గది ఖాళీగా ఉంది. బల్ల మీద కంప్యూటరు అరుస్తోంది. అక్క చూపు నేలమీదికి పోయింది, బల్ల పక్కన, సరిగ్గా ఆ చోటికి. అక్కడ ఎవరూ లేరు. వంటగదిలోంచి ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, చెవులకు హెడ్‌ఫోన్లతోనే.

"మీకేమైనా పిచ్చా?" అని హెడ్‌ఫోన్లు పీకి విసిరికొట్టింది. "తాళం ఉంటే ఇంట్లోకి వచ్చేస్తారా? రికార్డు చేసిన కాల్ స్పీకర్లో కూడా పెట్టి, నీళ్ళు తాగుదామని అటు వెళ్తే! ఎవరిచ్చారండీ మీకా హక్కు? నేనేమైనా జైల్లో ఉన్నానా? రేపే ఖాళీ చేస్తా, మీ మీద కంప్లయింట్ ఇస్తా!"

అక్క నేలమీద కూలబడింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"తిట్టు తల్లీ. ఇంకా తిట్టు. పలికావు, అది చాలు నాకు."

రోజంతా తిట్లు తినే ఉద్యోగం చేసే మనిషికి, తిడితే సంతోషించే మనిషి ఎదురుపడటం అదే మొదలు. వెళ్ళి కంప్యూటరు నోరు మూసింది. గ్లాసులో నీళ్ళు అక్క చేతికిచ్చి, తనూ పక్కనే నేలమీద కూర్చుంది. అక్క చెప్పింది. దిండు పార్సిలు, నవ్వుతున్న ఆడగొంతు, గలగలమన్న తాళాలు, మూడు దెబ్బలు, మళ్ళీ మూడు దెబ్బలు, గుప్పిట్లో బిగించిన గుత్తి, మునివేళ్ళు. పాలావిడకు చూపించిన వేలు కూడా. ఒక్కటీ దాచలేదు.

అమ్మాయి ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"నాకు చెప్పారు సరే అక్కా. నేను విని అయ్యో అంటాను, మీకు కాస్త బరువు దిగుతుంది. కానీ ఈ మాట నాది కాదు కదా. ఆయన అక్కగారిది. ఆవిడ అడిగింది, మీరు లేదన్నారు."

"నిమిషంలో పోయాడని నమ్ముకుని బతుకుతోందమ్మా ఆవిడ. ఇప్పుడు ఫోన్ చేసి, కాదు తల్లీ, పొద్దున్నుంచీ నేలమీద పడి కొట్టుకున్నాడు, నేను విని కూడా వెళ్ళిపోయాను అని ఏ నోటితో చెప్పను?"

"ఆవిడ నిజంగా అలా నమ్మితే, మిమ్మల్ని ఎందుకు అడిగిందంటారు?"

అక్క కూర్చున్నచోటే ఫోను తీసింది. సామాను తీసుకుపోయినరోజు రాసుకున్న నంబరు వెతకక్కర్లేదు. ఎన్నిసార్లు తీసి, చూసి, మానుకుందో ఆవిడకే లెక్క తెలియదు. నొక్కింది. అవతల రెండు రింగులకే ఎత్తారు.

"అమ్మా, నేను. తాళాలక్కను."

"చెప్పండి అక్కా."

"నేను నీకు అబద్ధం చెప్పానమ్మా. ఆ సోమవారం నేను వెళ్ళాను. మూడున్నరకు. తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల తమ్ముడు నేలమీద కొట్టాడు. రెండు విడతలు. నన్నే పిలిచాడు. చప్పుడు చెయ్యద్దంటున్నాడనుకుని నేను వెనక్కి వచ్చేశాను."

చెప్పేసి కళ్ళు గట్టిగా మూసుకుంది. శపిస్తుందనుకుంది. శపిస్తే బాగుండుననుకుంది.

"ఆ కొట్టిన సంగతి నాకు తెలుసండీ" అంది ఆమె. "వాడి ఆఫీసువాళ్ళు చెప్పారు. వాళ్ళకీ వినిపించిందట. పక్కింట్లో ఏదో రిపేరు పని జరుగుతోందనుకుని, చప్పుడు రాకుండా వాడి మైకు వాళ్ళే ఆపేశారట."

అక్క ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మీరు మూడున్నరకు వెళ్ళారా?" అని అడిగింది ఆమె.

"అవునమ్మా. ఓ నిమిషం అటూ ఇటూ."

"మీరు వెళ్ళిపోయాక బల్ల దాకా పాకి ఉంటాడు. ఫోను వాడి కింద దొరికింది. మూడు నలభైకి నాకు కాల్ వచ్చింది."

అక్క కళ్ళు తెరిచింది. పక్కనున్న అమ్మాయి ఫోనుకు చెవి దగ్గరగా పెట్టింది.

"నేను మీటింగ్‌లో ఉన్నాను. ఒకటి ఉంటుంది కదా ఫోన్లో, తయారుగా రాసిపెట్టిన జవాబు. ఇప్పుడు మాట్లాడలేను, తర్వాత చేస్తాను అని. అది నొక్కాను. ఏడింటికి చేశాను, ఎత్తలేదు. మర్నాడు నాకు పని ఎక్కువగా ఉంది. మర్చిపోయాను." ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు, ఏడు నెలలుగా రోజూ ఒప్పజెప్పుకుంటున్న పాఠంలా ఉంది. "నిమిషంలో పోయాడని నాకు ఏ డాక్టరూ చెప్పలేదండీ. నేనే అందరికీ చెప్పుకుంటున్నాను. మీరు ఆ రోజు వచ్చానంటారేమో, నాలాగే ఇంకొకరున్నారని తెలుస్తుందేమో అని అడిగాను. మీరు రాలేదన్నారు."

"అమ్మా..."

"మీరు తలుపు దగ్గర నిలబడనైనా నిలబడ్డారు. ఒక నిమిషం. నేను అంతసేపు కూడా ఆగలేదక్కా. ఒక్క నొక్కు నొక్కానంతే."

అప్పుడు ఆ గొంతు విరిగింది. ఆమె ఏడుస్తుంటే తాళాలక్క ఆపమనలేదు, ఓదార్చలేదు. ఏ మాట చెప్పినా అది అబద్ధమే అవుతుందని తెలుసు. ఏడుపు కాస్త తెరిపిన పడ్డాక అడిగింది.

"ఇంట్లో నీతో పాటు ఎవరన్నా ఉన్నారా తల్లీ?"

"లేరు. ఒక్కదాన్నే."

"మీ ఇల్లెక్కడో చెప్పు. నేను బయల్దేరి వస్తున్నాను" అంటూ అక్క లేచి నిలబడింది.